అప్‌డేట్: మార్పిడి తర్వాత తమ్ముడికి వచ్చిన దద్దుర్ల గురించి

మా తమ్ముడికి ల్యుకేమియా (రక్త క్యాన్సర్), మార్పిడికి అక్క తన మూలకణాలు (రక్తాన్ని తయారుచేసే కణాలు) ఇచ్చింది. అవి బాగా నాటుకున్నాయన్నాక అరచేతుల్లో, చెవుల వెనక దద్దుర్లు, ఆపైన నీళ్ల విరేచనాలు ఎందుకని అడిగాను కదా. చర్మం ముక్క తీసి పరీక్షిస్తే జీవీహెచ్‌డీ (గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్, అంటే దాత కణాలు రోగి ఒంటి మీద దాడి చేసే జబ్బు) అని తేలింది.

తమ్ముడి ఒళ్లు అక్క కణాలను కాదనలేదు. అక్క టీ కణాలే (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) వాడి ఒంటిని పరాయిదనుకుని మీద పడ్డాయి. మార్పిడికి ముందిచ్చే గట్టి కీమోకి పేగు పొర దెబ్బతింటుంది, దాంతో అవి ఇంకా రెచ్చిపోతాయట. ఎక్కువగా దెబ్బ తినేవి చర్మం, పేగు, కాలేయం.

మరి ఆ టీ కణాలను ముందే పూర్తిగా తీసేయొచ్చుగా అని డాక్టరుగారిని అడిగాను. తీసేస్తే ఇన్ఫెక్షన్లు, జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతాయన్నారు. మిగిలిపోయిన ల్యుకేమియా కణాలను వేటాడేదీ అవేనట! నాకు పెద్ద ఊరట ఈ మాటే. అందుకే మాలాంటి సగం మ్యాచ్ (దాత, రోగి కణజాల రకం సగమే కలిసిన) కేసుల్లో మార్పిడైన 3, 4 రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చి, ఎదురుతిరిగే టీ కణాలను మాత్రం అణచాలని చూస్తారు.

స్టెరాయిడ్లతో దద్దుర్లు తగ్గాయి, విరేచనాలు ఇంకా పూర్తిగా కట్టలేదు. లొంగకపోతే రుక్సోలిటినిబ్ అనే మందు మొదలుపెడతామన్నారు. అక్క మాత్రం తన వల్లేనని ఏడుస్తోంది. దాత తప్పు ఇందులో రవ్వంత లేదని ఆమెకు రోజూ చెబుతున్నాం.