మొదటి మహిళా కాస్మోనాట్ నిజంగనే మిల్లుల పనిచేసిందా?

హన్మకొండ_అమ్మ:
మా బిడ్డ ఏడో తరగతి, స్కూల్ల సైన్స్ ఫెయిర్‌కు వాలెంటీనా తెరెష్కోవా మీద రెండు నిమిషాలు మాట్లాడాలట. నెట్ల చూస్తే ఆమె బట్టల మిల్లు కార్మికురాలు అని ఉంది. మా అత్తమ్మ అస్సలు నమ్ముతలేదు. మా మామయ్య ఆజంజాహి మిల్లుల మగ్గాల మీద చేసినాయన, ఆ పని ఎట్లుంటదో ఆమెకు బాగ ఎరుకే, "మిల్లుల చేసేటామెను రాకెట్ల ఎవలెక్కిస్తరే" అంటాంది. సోవియట్ యూనియన్ అంత పెద్ద దేశంల పైలట్లు దొరకకనా ఈమెను తీసుకున్నరు? తెలిసినోళ్లు జర చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్:
నిజమే అక్కా. 1937ల రష్యాల యారొస్లావ్ల్ పట్నం దగ్గర ఒక పల్లెల పుట్టింది, నాయిన ట్రాక్టర్ డ్రైవర్, ఈమె పసిపిల్లగ ఉన్నప్పుడే ఫిన్లాండ్ యుద్ధంల పోయిండు. తల్లి మిల్లు కార్మికురాలు, ఈమె కూడ ముందు టైర్ల ఫ్యాక్టరీల చేసి తర్వాత క్రాస్నీ పెరెకోప్ అనే కాటన్ మిల్లుల చేరింది.
కాని అసలు సంగతి పారాచూట్. ఆమె పోయిన వోస్తోక్ అనే అంతరిక్ష నౌక క్యాప్సుల్ లోపట మనిషిని పెట్టుకుని దిగితే ఆ దెబ్బకు బతుకుడు కష్టం, అందుకే సుమారు 7 కిలోమీటర్ల ఎత్తున సీటుతో సహా బయటికి ఎగిరి సొంత పారాచూట్‌తోని దిగాలె, అందరికంటె ముందు అంతరిక్షంలకు పోయిన గగారిన్ దిగింది కూడ అట్లనే. నడుపుడంత దాదాపు ఆటోమేటిక్, ఇగ విమానం నడపొస్తదా అన్నదానికంటె దూకొస్తదా అన్నదే ముఖ్యం. ఈమె 1959 నుంచే ఏరోక్లబ్‌ల దూకుతుండె.

ములుగురోడ్_మాస్టారు:
అది సగమే తమ్మీ. 1962ల ఐదుగురు ఆడోళ్లను తీసుకున్నరు, అండ్ల పొనొమర్యోవా ఇంజినీరు, విమానం నడపొచ్చు గూడ. ఆమెను పక్కకు పెట్టి ఈమెను పంపిన్రు ఎందుకంటె కార్మికురాలు, తండ్రి యుద్ధంల పోయిండు, అప్పటి సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌కు ఫోటోల బాగుంటది. మిగిలిన నలుగురు ఎన్నడు పైకి పోలే, 1969ల ఆ గ్రూపునే ఎత్తేసిన్రు. ఇంకో మహిళ అంతరిక్షంలకు పోయేసరికి 19 ఏండ్లు పట్టింది, 1982ల సవిత్స్కాయ, అదిగూడ అమెరికా సాలీ రైడ్ అనే ఆమెను పంపబోతాందని తెలిసినంకనే. ఆడోళ్ల మీద గంత ప్రేమ ఉంటె ఇన్నేండ్లు ఎందుకు ఆగుతరు?

చౌరస్తా_పాప:
పబ్లిసిటీకే పంపిన్రు అనుకుందాం సార్, కాని పైన కూసున్నది ఆమెనే కద. 1963 జూన్ 16న పోయింది, 26 ఏండ్లు, దాదాపు 71 గంటలు, భూమి చుట్టు 48 సార్లు, ఒక్కతే. అప్పటిదాక పైకి పోయిన అమెరికా వాళ్లందరి టైం కలిపినా అంత లేదు, ఒంటరిగ పోయొచ్చిన మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కతే.
ఇంకోటి, కిందికి దింపే ప్రోగ్రామే ఉల్టా సెట్ అయి ఉంది, బ్రేక్ కొట్టాల్సిన ఇంజిన్ ఇంకా పైకి తోసేటట్టు. ఆమె కనిపెట్టి కిందికి చెప్తే కొత్త లెక్కలు పంపిన్రు. చీఫ్ డిజైనర్ కొరొల్యోవ్ ఇది ఎవ్వరికి చెప్పకు అన్నడని ఆమెనే తర్వాతెప్పుడో చెప్పింది, అన్నేండ్లు నోరు మెదపలే. ఆమెకు ఫ్లైట్‌ల వాంతయింది, పనులు సరిగ చెయ్యలే అని మాత్రం ముచ్చట్లు బాగ తిరిగినయ్, అది చూస్తె నాకు ఒళ్లు మండుతది. సామాన్లల్ల టూత్‌పేస్టు పెట్టి బ్రష్ పెట్టుడు మర్చిపోయిన్రట, వేలుతోని తోముకున్నది పాపం.

హన్మకొండ_అమ్మ:
థాంక్స్ అందరికి. అత్తమ్మకు మొత్తం చదివి వినిపిచ్చిన. మిల్లు సంగతి ఇడిసిపెట్టి ఇప్పుడు "ఇంట్ల ఏం చెప్పి పోయిందట" అని అడుగుతాంది 😀

కాజీపేట_జంక్షన్:
పారాచూట్ పోటీలకు పోతున్న అని చెప్పిందట తల్లికి! వార్తలల్ల వచ్చినంకనే ఆమెకు తెల్సింది.
అక్కా, తర్వాతి సంగతులు కూడ పాపకు చెప్పి పెట్టున్రి. 1969ల జుకోవ్‌స్కీ అకాడమీల ఇంజినీరింగ్ పూర్తి చేసింది, తర్వాతంత రాజకీయాలే. 2020ల పుతిన్ మళ్ల అధ్యక్షుడిగ పోటీ చేసేటట్టు పాత టర్ములు లెక్కల పట్టొద్దు అని రష్యా పార్లమెంటు డూమాల ప్రతిపాదన పెట్టింది ఆమెనే, దానికి రష్యాలనే మస్తు మంది తిట్టిన్రు. జడ్జి ఎవరన్న అడిగితె పిల్ల బిత్తరపోవద్దు కద.

ములుగురోడ్_మాస్టారు:
ఏడో తరగతి పిల్లకు పుతిన్ ఎందుకయా, ఉన్నయే రెండు నిమిషాలు. సీటుతోని బయటికి ఎగిరే బొమ్మ చార్ట్ మీద పెద్దగ గీయమను, జడ్జీలు అండ్లనే అడుగుతరు.