కొత్త జాజ్ ఆల్బమ్‌ల రివ్యూలు: చదివి వింటారా, విన్నాక చదువుతారా?

మంద్రస్థాయి:
ముగ్గురు, నలుగురు, ఐదుగురు కలిసి వాయించే చిన్న బృందాల జాజే నేను ఎక్కువగా వింటాను. కొత్త ఆల్బమ్ వచ్చిందంటే ముందు రివ్యూలు చదవడం అలవాటు. 2021లో పియానిస్టు విజయ్ అయ్యర్ ట్రియో (ముగ్గురి బృందం) ఆల్బమ్ ‘అనీజీ’ (అశాంతిగా అని అర్థం) విషయంలో ఆ అలవాటు వల్ల నష్టపోయాను. నేను చదివినవి ఎక్కువగా ఆ పేరు చుట్టూ, అప్పటి అమెరికా పరిస్థితుల చుట్టూ తిరిగాయి. చాలా బరువుగా ఉంటుందేమోనని రెండు నెలలు ముట్టుకోలేదు. తీరా వింటే, కోల్ పోర్టర్ పాత పాట ‘నైట్ అండ్ డే’లో లిండా మే హాన్ ఓ బేస్, టైషాన్ సోరీ డ్రమ్స్ పియానోను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలడం లేదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే అనిపించింది. మీ అనుభవాలు ఎలా ఉన్నాయి?

చెనక్కాయ_చేను:
నన్ను జాజ్‌లోకి తెచ్చిందే ఒక రివ్యూ అండి. అదే ఏడాది వచ్చిన శాక్సఫోన్ వాద్యకారుడు జేమ్స్ బ్రాండన్ లూయిస్ ఆల్బమ్ ‘జెసప్ వ్యాగన్’. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనే నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త 1906లో అమెరికాలోని టస్కీగీ విద్యాసంస్థ నుంచి రైతుల దగ్గరికే పాఠం తీసుకెళ్లడానికి ఒక బండి ఏర్పాటు చేశారని, ఆల్బమ్‌కు ఆ బండి పేరే పెట్టారని చదివాను. పత్తి వేసి వేసి సారం పోయిన నేలల్లో వేరుశనగ వేయమన్నారట ఆయన. మాది అనంతపురం జిల్లా. నాన్న ఇప్పటికీ చెనక్కాయే వేస్తారు. ఇక వినకుండా ఎలా ఉంటాను? మూడో ట్రాక్ పేరు ‘అరాకిస్’, వేరుశనగ శాస్త్రీయ నామంలో మొదటి మాట! అయితే శాక్సఫోన్ పక్కన కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా), బేస్‌కు తోడు చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) ఉండటం ఆ ధ్వనికి ఎంత ముఖ్యమో నాలుగోసారి విన్నాక గానీ తెలియలేదు. రివ్యూలో కథ బాగా చెప్పారు, ఏం వినాలో చెప్పలేదు.

ఐదో_తీగ:
రివ్యూల్లో ఇచ్చే స్టార్ రేటింగులను నమ్మేవాళ్లు డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక 1962 జనవరిలో చేసిన పని తెలుసుకోవాలి. శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఆల్బమ్ ‘ఫ్రీ జాజ్’ మీద ఇద్దరు రాశారు. పీట్ వెల్డింగ్ ఐదుకు ఐదు ఇచ్చారు, జాన్ టైనన్ ఒక్కటీ ఇవ్వలేదు. అందులో ఎడమ స్పీకర్‌లో ఒక క్వార్టెట్ (నలుగురి బృందం), కుడి స్పీకర్‌లో ఇంకో క్వార్టెట్ ఒకేసారి వాయిస్తుంటాయి. ఇద్దరూ విన్నది విన్నట్టే రాశారని నా నమ్మకం. అందుకే ఒక్క రివ్యూ చదివి నేను ఏదీ కొనను. రెండు రివ్యూలకు బొత్తిగా పొంతన కుదరలేదంటే మాత్రం ఆ ఆల్బమ్ తప్పకుండా వింటాను.

సాయంత్రపు_శ్రోత:
మంద్రస్థాయి గారూ, అదే ముగ్గురి ‘కంపాషన్’ (2024) విన్నారా? అందులో స్టీవీ వండర్ పాట ‘ఓవర్‌జాయ్డ్’ ఉంది. తెలిసిన ట్యూన్ కాబట్టి దాన్ని వాళ్లేం చేస్తున్నారో పట్టుకోవడం నాకు తేలికైంది.

బాయా_ప్రియ:
తబలా నేర్చుకునే రోజుల్లో మన హైదరాబాదీ నితిన్ మిత్తా వాయించారని ‘తీర్థ’ (2011) కొన్నాను. పియానో అయ్యర్‌ది, గిటార్ ప్రసన్నది. డ్రమ్స్, బేస్ లేవు. నేను చదివిన రివ్యూలో తబలాకు దక్కింది ఒక్క వాక్యం, అదీ ఏదో అలంకారం అన్నట్టు. చాలా బాధేసింది. చాలాచోట్ల బాయా (తబలా జతలో ఎడమ చేత్తో వాయించే పెద్దది) మీద పలికే ఆ మంద్రనాదమే బేస్ లేని లోటు తీరుస్తుంది. తబలా తెలిసినవాళ్లెవరైనా దాని మీద రాసి ఉంటే ఎంత బాగుండేది!

మంద్రస్థాయి:
అయితే మనమే రాద్దాం అండి. ఏ ట్రాక్, ఏ నిమిషం, ఎవరు ఏం వాయించారు, అంతవరకు చాలు. ‘తీర్థ’ మీద బాయా_ప్రియ గారు రాయాలి. నేను ‘అనీజీ’లోని జెరీ ఆలన్ రచన ‘డ్రమ్మర్స్ సాంగ్’ తీసుకుంటున్నాను. పియానో ఎడమ చేతిలో మళ్లీ మళ్లీ తిరిగే ముక్కను పట్టుకుని వినండి. డ్రమ్స్ దానితో ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో నిమిషాలతో సహా ఆదివారం ఇక్కడే పెడతాను.