‘నాత్ పాడారు’ అనాలా, ‘చదివారు’ అనాలా?

గురువారం సాయంత్రాలు నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లి ఖవ్వాలీ వినడం నాకు అలవాటు. పోయిన వారం పక్కన కూర్చున్న పెద్దాయనను “ఇప్పుడు పాడింది ఎవరి రచనండీ?” అని అడిగాను. కవి పేరు చెప్పి, “కలాం పఢ్తే హైఁ బాబూ, చదువుతారు” అని మెల్లగా సరిదిద్దారు. ఎదురుగా హార్మోనియం ఉంది, ఢోలక్ ఉంది, చప్పట్లతో చరణం అందుకునే బృందం ఉంది. అయినా అది చదవడమే! ప్రవక్తను కీర్తించే నాత్‌కూ, మొహర్రంలో పీర్లు నిలిపే ఆషుర్‌ఖానాల్లో వినిపించే శోకగీతం మర్సియాకూ ఉర్దూలో క్రియ ‘పఢ్‌నా’యే. మన పత్రికలు మాత్రం అన్నిటికీ ‘పాడారు’ అని రాస్తున్నాయి. ‘ఖురాన్ గానం’ అని కూడా చూశాను. తెలుగులో ఏమనాలి?

జవాబు: ‘ఖురాన్ గానం’ మాత్రం తప్పేనండీ. ఖురాన్ అనే మాటకు అర్థమే పఠనం. తజ్వీద్ అనే ఉచ్చారణ నియమాల ప్రకారం ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ముక్కుతో పలకాలో అన్నీ ఉంటాయి, వినసొంపుగానూ ఉంటుంది. కానీ దాన్ని తిలావత్ అంటారు, పాట అనరు. మనం మాత్రం స్వరంతో వల్లించే వేదాన్ని ‘పాడారు’ అంటామా? (సామం వేరు, అది గానమే.)

నాత్, ఖవ్వాలీల సంగతికి వస్తే, ఇలా భక్తిగీతాలు వినే కూడికకు చిష్తీ శాఖ సూఫీలు వాడే మాట ‘సమా’. దానికి అర్థం వినడం. వాద్యాలు తగవని చాలామంది ధర్మశాస్త్ర పండితులు అన్నారు, పెళ్లిళ్లలో దఫ్ అనే చేతి డప్పు వాయించడాన్ని ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇస్లాం పండితుడు గజాలీ (మరణం 1111) వినేవాడి మనసును బట్టి తీర్పు చెప్పాలన్నాడు. ఢిల్లీ చిష్తీ గురువు నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) సమాకు పెట్టిన షరతులు నాలుగింటి గురించి. ముస్మి, ముస్తమి, మస్మూ, ఆపైన వాద్యాలు. చంగ్, రబాబ్ వంటి తంత్రీవాద్యాలు వద్దన్నారు. ఆ మొదటి మూడు మాటలూ ‘వినడం’ అనే ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి. తెలుగు చేసి చూడండి: వినిపించేవాడు, వినేవాడు, వినబడేది. ఎంత చక్కగా కుదిరిందో! ఒక్క ‘విను’ చాలింది, సంస్కృతం అరువు తెచ్చుకునే పని లేకపోయింది. పాడేవాడికి అక్కడ పెట్టిన పేరు గాయకుడు కాదు, వినిపించేవాడు.

అందుకే నేను ‘నాత్ వినిపించారు’ అని రాస్తాను. ఉర్దూలోనూ ‘నాత్ సునాయియే’ (నాత్ వినిపించండి) అంటారు కదా.

మరొకరి జవాబు: ‘చదివారు’ అని రాస్తే కాగితం చూసి చదివారని పాఠకుడు పొరబడతాడు, కాబట్టి ‘వినిపించారు’ నాకూ నచ్చింది. ఖవ్వాలీకి మాత్రం ‘పాడారు’ను కొట్టేయకండి. ‘ఖవ్వాలీ గానా’ అని పాతబస్తీలోనూ అంటారు. ఖవ్వాలీ అన్న మాటకు మూలం ‘ఖౌల్’, అంటే పలుకు. పాటలోనూ ఖవ్వాలీ బృందంవాళ్లు పట్టుకున్నది ఆ పలుకునే. ఒక పాదం నచ్చితే దాన్నే పదిసార్లు తిప్పి తిప్పి అంటారు, వినేవాళ్లలో ఎవరో ఒకరు కళ్లు తుడుచుకునేదాకా.