స్నోఫ్లేక్ మోరే ఈల్: 120 సెంటీమీటర్ల ట్యాంకు చాలా, చాలదా?

చిన్నఅల: అందరికీ నమస్తే. ఉప్పునీటి ట్యాంకు, 120 × 45 × 50 సెం.మీ. లెక్కకి 270 లీటర్లు. రాళ్లూ ఇసకా పోను నీళ్లు 225 దాకా ఉంటాయి. కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడి మళ్లీ పైకెళ్లే రెండో తొట్టి), అందులో స్కిమ్మర్ (నురగతో మలినాల్ని లాగే పరికరం). సైకిల్ (వ్యర్థాల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా స్థిరపడటం) పూర్తయింది, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. 25 సెం.మీ. స్నోఫ్లేక్ మోరే ఈల్ (పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప) దొరుకుతోంది. తీసుకోవచ్చా? ప్రస్తుతం ట్యాంకులో రెండు డామ్సెల్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య.

మూతబిగించు: మూత ఏంటి?

ఉప్పుకాపరి: తీసుకోవచ్చండీ. మోరేల్లో ఇళ్ల ట్యాంకులకి సరిపడేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, వాటిలో స్నోఫ్లేక్ ముందుంటుంది. సముద్రంలో మీటరు దాకా పెరుగుతుంది కానీ ట్యాంకుల్లో మామూలుగా 60–70 సెం.మీ. దగ్గర ఆగుతుంది. పళ్లు సూదుల్లా కాకుండా మొద్దుగా, పీతల చిప్పలు నలగ్గొట్టడానికి తగ్గట్టు ఉంటాయి. కాబట్టి చేపలకంటే మీ రొయ్యకే ముప్పు. దాన్ని వేరే ట్యాంకులోకి మార్చండి. డామ్సెల్స్ సాధారణంగా బతికిపోతాయి, హామీ మాత్రం ఇవ్వలేను.

రాళ్లు ఇసక మీద పెట్టకండి. ముందు అడుగు గాజు మీద రాళ్లు కుదురుగా పేర్చి, ఆ తర్వాత ఇసక పోయాలి. ఈల్ రాయి కింద తవ్వుకుంటూ పోతుంది, ఇసక మీద నిలబెట్టిన రాయి దాని నెత్తినే పడుతుంది. 5 సెం.మీ. వ్యాసం, 40 సెం.మీ. పొడవున్న పీవీసీ గొట్టాలు రెండు, రెండు కొసలూ తెరిచి ఉంచి రాళ్ల వెనక అమర్చండి. హీటరు సంప్‌లోకి మార్చండి. ట్యాంకులో ఉంటే ఈల్ దాన్ని చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుంది. ఉష్ణోగ్రత 24–27 డిగ్రీలు, నీటి సాపేక్ష సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.023–1.025.

పగడాలదిబ్బ: సరిపోదు. 70 సెం.మీ. జంతువు 120 సెం.మీ. డబ్బాలో తిన్నగా చాచుకుంటే పొడవునా రెండుసార్లు కూడా పట్టదు. వెడల్పు 45 అంటే అడ్డంగా అసలు చాచుకోలేదు. కనీసం 150 × 60 ఉండాలి. 25 సెం.మీ. పిల్లని చూసి కొలత వేసుకోకండి.

ఉప్పుకాపరి: పగడాలదిబ్బ గారూ, ఇది ట్యాంగ్ కాదు, రోజంతా ఈదుతూ తిరగడానికి. పగలంతా బొరియలోంచి తల బయటపెట్టి కూర్చునే చేప. ఒళ్లు మెలికలు తిప్పుకుని ఉండటమే దానికి సుఖం. పొడవుతో పోల్చి చూడటం తప్పు, దాక్కునే చోట్లు ఎన్నున్నాయన్నదే లెక్క.

పగడాలదిబ్బ: "బొరియలో కూర్చునే చేప" అన్నది మనం పగలు చూసి కట్టిన కథ. ఎర్రసముద్రంలో మోరేలు, గ్రూపర్లనే వేట చేపలు కలిసి వేటాడటం 2006లో శాస్త్రీయంగా నమోదైంది. గ్రూపరు బొరియ దగ్గరికొచ్చి తల ఊపి పిలిస్తే మోరే బయటికొచ్చి దాని వెంట దిబ్బంతా తిరుగుతుంది. కదలదంటారేంటి?

ఉప్పుకాపరి: ఆ మోరే జెయింట్ మోరే. మూడు మీటర్ల దాకా పెరిగే, చేపల్ని తినే జాతి. స్నోఫ్లేక్ తిండి పీతలు. పులి గురించి రాసింది పిల్లికి అంటగడతారా?

మూతబిగించు: మీరిద్దరూ పులీ పిల్లీ తేల్చుకునేలోపు ఆ ఈల్ నేలమీద ఉంటుంది. చిన్నఅల గారూ, మూత సంగతి చెప్పలేదు.

మోరే ట్యాంకుల్లో చావుకి ముఖ్య కారణం రోగం కాదు, సందు. తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. కొత్తగా వచ్చిన మొదటి రెండు మూడు వారాలు, అదీ రాత్రిపూట, ట్యాంకు పైఅంచు మొత్తం ముక్కుతో తడుముతుంది. పైపు దూరడానికి కోసిన ఖాళీ, వైరు బయటికొచ్చే మూల, ఫీడింగ్ తలుపు, ఒక్కటీ వదలదు. ఊరికే గాజుపలక పరిస్తే ఎత్తేస్తుంది. చట్రానికి 6 మి.మీ. కన్నాల ప్లాస్టిక్ వల బిగించి, ప్రతి 30 సెం.మీ.కీ ఒక క్లిప్పు పెట్టండి. పైపుల చుట్టూ ఖాళీల్లో స్పాంజి దూర్చితే చాలదు, తోసేస్తుంది. అదే వల కత్తిరించి కట్టుతీగతో బిగించండి. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లు తిప్పే పంపు) పీల్చే వైపు కూడా వల ఉండాలి.

నీళ్లు లేకపోతే ఏం చేస్తుందిలే అనుకోకండి. 2021లో జీవశాస్త్రవేత్త రీటా మెహతా బృందం స్నోఫ్లేక్ ఈల్స్‌కే తర్ఫీదు ఇచ్చి, ఏటవాలు పలక మీద పెట్టిన స్క్విడ్ ముక్కల్ని నీళ్ల బయటే మింగించింది. మామూలు చేపకి తిండి లోపలికి లాక్కోడానికి నీళ్లు కావాలి. మోరేకి గొంతులో రెండో దవడ ఉంది, అది ముందుకొచ్చి పట్టుకుని లాగేస్తుంది. నేలమీద కనిపిస్తే, ఎండినట్టున్నా చచ్చిందని పారేయకండి. తడి తువ్వాలుతో ఎత్తి, నీళ్లు బాగా కదిలే చోట వదిలి కొన్ని గంటలు చూడండి. చేత్తో పట్టుకోవద్దు.

సంప్‌గది: ఓవర్‌ఫ్లో పెట్టె (ట్యాంకు పైనీళ్లు సంప్‌లోకి దిగే అర) మర్చిపోయారు.

మూతబిగించు: మర్చిపోలేదు, అక్కడికే వస్తున్నా. చిన్నఅల గారూ, మీ ఓవర్‌ఫ్లో పెట్టెకి పైన మూత ఉందా?

చిన్నఅల: ట్యాంకు పైన గాజుపలక ఉందండీ. తిండి సంగతి కూడా చెప్తారా? వారానికి మూడుసార్లు 10 గ్రాముల రొయ్య అని ఎక్కడో చదివాను.

పగడాలదిబ్బ: ఇప్పుడు లీటర్ల లెక్క చూద్దాం. 10 గ్రాముల పచ్చి రొయ్యలో ప్రొటీన్ 2 గ్రాములు, అందులో నత్రజని 0.32 గ్రాములు. అదంతా చివరికి నైట్రేట్ (వ్యర్థాల్లోంచి నీళ్లలో పేరుకునే పదార్థం) అయితే 1.4 గ్రాములు. 225 లీటర్లలో అది లీటరుకి 6 మి.గ్రా.కి పైనే. వారానికి మూడు సార్లంటే 19. వారానికి 20 శాతం నీళ్లు మారుస్తూ పోతే నైట్రేట్ 90 దాటాకే నిలకడకొస్తుంది. చాలు అంటున్నవాళ్లు ఈ లెక్క వేశారా?

ఉప్పుకాపరి: వేశాను. మీరు మూడు చోట్ల పెంచి వేశారు. ఒకటి, తిన్నదంతా నైట్రేట్ కాదు, కొంత ఒళ్లవుతుంది, కొంత స్కిమ్మర్ లాగేస్తుంది. రెండు, 25 సెం.మీ. పిల్లకి ఒక్కపూటకి 10 గ్రాములు ఎవరూ పెట్టకూడదు. ముక్క దాని తలకంటే లావుండకూడదు, రెండు మూడు ముక్కలు చాలు. మూడు, పెద్దదయ్యాక వారానికి రెండుసార్లు, 6 గ్రాముల చొప్పున పెట్టినా ఆరోగ్యంగానే ఉంటుంది. మీ లెక్క ప్రకారమే అప్పుడు నైట్రేట్ 38 దగ్గర ఆగుతుంది. ట్యాంకు పరిమాణానికి రెట్టింపు సామర్థ్యమున్న స్కిమ్మర్ పెడితే ఇంకా దిగుతుంది.

చిన్నఅల గారూ, 40 సెం.మీ. పటకారుతోనే పెట్టండి. దీనికి చూపు మందం, వాసన మీదే నడుస్తుంది. రొయ్య పట్టుకున్న వేలికీ రొయ్యకీ దానికి తేడా తెలియదు. రొయ్య ఒక్కటే నెలల తరబడి పెట్టొద్దు. కొన్ని రకాల రొయ్యల్లో, చేపల్లో థయామినేజ్ ఉంటుంది, అది బీ1 విటమిన్‌ని విరగ్గొడుతుంది. అందుకని పీత, స్క్విడ్, పెంకుతో రొయ్య మార్చి మార్చి పెడుతూ, వారానికోసారి విటమిన్‌లో నానబెట్టండి. ఈల్ ముక్క మీదికొచ్చి గురి తప్పుతూ, తడబడుతూ ఉంటే మొదట అనుమానించాల్సింది బీ1 లోపమే. కొత్తలో రెండు వారాలు ముట్టకపోయినా కంగారు వద్దు, తినని ముక్క మాత్రం అరగంటలో తీసేయండి. నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే కోపం అనుకోకండి, అది ఊపిరి.

నీలిరిబ్బన్: రిబ్బన్ ఈల్ చూడటానికి ఇంకా బాగుంటుంది కదా?

ఉప్పుకాపరి: వద్దు. నల్లగా ఉంటే పిల్ల, నీలం అయితే మగ, పసుపుకి మారితే ఆడ. ఏ రంగులో కొన్నా ఎక్కువభాగం తిండి ముట్టకుండానే పోతాయి.

సంప్‌గది: "మంచినీటి మోరే" అని అమ్మేది కూడా కొనకండి. అది నదీముఖాల ఉప్పటి నీళ్ల జాతి. మంచినీళ్లలో కొన్నాళ్లు లాగి తిండి మానేస్తుంది.

పగడాలదిబ్బ: మీ 38 ఎప్పుడు? అంతా సరిగ్గా జరిగితే. ఒక వారం నీళ్లు మార్చకపోతే? ఒక ముక్క రాళ్ల వెనక కుళ్లితే? 225 లీటర్లలో తప్పుకి చోటెక్కడ? ఇంతకుముందు జీబ్రా మోరే చర్చలోనూ ఇలాగే "చాలు, చాలు" అన్నారు. ఒకటిన్నర మీటర్లు పెరిగే చేపకి! నేను వద్దంటే నా మాట ఎవరూ వినలేదు.

ఉప్పుకాపరి: ఆ చర్చలో నేను 180 సెం.మీ. ట్యాంకు అన్నాను, వెళ్లి చూసుకో. ప్రతి చర్చలోకీ వచ్చి ఒక అంకె పెంచి వెళ్లడం నీకు అలవాటైంది. 120 అంటే 150 అంటావు, 150 అంటే 180 అంటావు. అసలు ఎంతైతే ఒప్పుకుంటావో చెప్పు.

పగడాలదిబ్బ: "నువ్వు" అనడం మొదలైందా? సరే, ఎంతైనా ఒప్పుకోను!

మోడరేటర్: ఇద్దరూ మళ్లీ "మీరు"కి వస్తే బాగుంటుంది. విషయం మీద రాయండి.

సంప్‌గది: ఎంతైనా ఒప్పుకోరా? మరి ఇంతసేపు ఈ గుణకారాలన్నీ ఎందుకండీ?

పగడాలదిబ్బ: సరే, సూటిగా చెప్తాను. వెయ్యి లీటర్లున్నా వద్దనే అంటాను. అమ్మకానికి వచ్చే మోరేలు దాదాపు అన్నీ సముద్రంలోంచి పట్టి తెచ్చినవే. క్లౌన్‌ఫిష్‌ని ట్యాంకుల్లోనే పొదిగిస్తున్నారు, ఎల్లో ట్యాంగ్‌ని కూడా 2015లో సాధించారు. మోరే పిల్ల అలా కాదు. గాజుముక్కలాంటి ఆకు ఆకారపు లార్వాగా నెలల తరబడి సముద్రంలో తేలుతుంది, దాన్ని సాకడం ఎవరికీ అలవికావడం లేదు. మనుషులు తినే ఈల్ మీద అంత పెట్టుబడి పెట్టిన జపాన్ కూడా దాని జీవితచక్రాన్ని ట్యాంకులో పూర్తిచేసింది 2010లో. అలంకారానికి పెంచే మోరేకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? ఇది పదిహేనేళ్లకి పైగా బతికే ప్రాణి. "మొదటిసారి పెంచేవాళ్లకి మంచిది" అని మనమే ఇక్కడ పేరు తగిలిస్తున్నాం. లీటర్ల మీద వాదిస్తే వింటారని లీటర్లు పట్టుకున్నాను, అంతే.

ఉప్పుకాపరి: ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. సముద్రంలోంచి వచ్చినదన్నది నిజమే, కాదనను. కానీ నేను "తీసుకోవచ్చు" అనకపోతే ఆయన కొనడం మానేస్తారా? సలహా లేకుండా కొంటారు. మొద్దుపళ్ల స్నోఫ్లేక్ బదులు, బుజ్జిగా ఉందని హనీకూంబ్ మోరే పిల్లని తెస్తారు. అది మనిషంత పొడవు పెరుగుతుంది. నావరకు, కొనబోయేవాడికి తక్కువ చెడున్న జాతి చూపించడమే సాయం.

పగడాలదిబ్బ: నావరకు, కొనబోయేవాడికి ఒక్కడైనా వద్దని చెప్పాలి.

ఉప్పుకాపరి: చెప్పండి. నైట్రేట్ లెక్కలో దాచిపెట్టి చెప్పకండి.

సంప్‌గది: గోల్డెన్ డ్వార్ఫ్ మోరే అయితే 30 సెం.మీ. లోపే ఆగుతుంది, లీటర్ల గొడవ ఉండదు.

పగడాలదిబ్బ: అదీ సముద్రంలోదే.

చిన్నఅల: ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడప్పుడే కొనట్లేదు. ముందు హీటరు సంప్‌లోకి మార్చి, రాళ్లు తీసి గాజు మీద పేరుస్తాను. రెండు నెలలు రొయ్య ముక్కలు మామూలుగా వేస్తూ, నైట్రేట్ ఎక్కడ ఆగుతుందో కొలుస్తాను. 40 దాటితే ఆ ఆలోచనే మానుకుంటాను.

ఉప్పుకాపరి: వారానికి 12 గ్రాములే వేయండి, డామ్సెల్స్ తినగా మిగిలింది అరగంటకి తీసేయండి. తీసిన ముక్కని తూచి లెక్కలోంచి కొట్టేయండి, లేకపోతే అంకె తప్పుతుంది.

పగడాలదిబ్బ: ఆ రెండు నెలల అంకెలు ఇక్కడే పెట్టండి. 40 లోపు వచ్చినా నా మాట అదే.

మూతబిగించు: ఓవర్‌ఫ్లో పెట్టెకి మూత ఉందా అని అడిగాను. ట్యాంకు మీది గాజుపలక దాన్ని కూడా కప్పుతుందా, లేక ఆ మూల ఖాళీగా ఉందా?

చిన్నఅల: ఇప్పుడే చూశాను. ఆ మూల ఖాళీగానే ఉంది. నాలుగు వేళ్లు పడతాయి.

మూతబిగించు: ఆ నాలుగు వేళ్ల ఖాళీ కొలిచి రాయండి, వల ఎంత కత్తిరించాలో చెప్తాను. కింద డ్రెయిన్ పైపు నోటికి జల్లెడ టోపీ కూడా పెట్టాలి.