అప్‌డేట్: మట్టిలో నులిపురుగులు దొరికాయి!

తెగుళ్ల పురుగుల్ని చంపే నులిపురుగులు మట్టిలో ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను కదా, తేనెపట్టును తినే మైనపు పురుగు లార్వాల్ని ఎర వేసి చూడమన్నారు, వేశాను. మొదటిసారి మట్టి మరీ బురదగా ఉండి అన్నీ కుళ్లి కంపు కొట్టాయి, అదంతా పారబోశా. రెండోసారి 15 సెంటీమీటర్ల లోతు వరకు తవ్విన మట్టిని కాస్త తడిగా మాత్రమే ఉంచి, డబ్బాకి 5 లార్వాలు వేసి, చీకట్లో పెట్టాను. ఐదో రోజుకి చెట్టు నీడ మట్టిలో మూడు చచ్చాయి, కుళ్లు వాసన లేదు, రంగు ఇటుక ఎరుపు! అంటే హెటెరోరాబ్డిటిస్ అనే రకం నులిపురుగు అయ్యుండాలి, స్టెయినర్‌నీమా అనే ఇంకో రకం అయితే చచ్చిన లార్వాలు గోధుమ రంగుకి తిరుగుతాయి. (ఆ ఎరుపు నులిపురుగుది కాదు, నులిపురుగు లార్వా ఒంట్లోకి వదిలే బ్యాక్టీరియాది, చంపడంలో ముఖ్య పాత్ర కూడా దానిదే.)

చచ్చినవాటిని కడిగి, చిన్న మూతలో తడి వడపోత కాగితం మీద పెట్టి, ఆ మూతని కొద్దిగా నీళ్లున్న గిన్నెలో ఉంచితే, పన్నెండో రోజున నీళ్లు పాలు కలిపినట్టయ్యాయి, భూతద్దంలో చూస్తే సన్నటి దారప్పోగులు మెలికలు తిరుగుతున్నాయి. అవి కుళ్లు తినే మామూలు నులిపురుగులేమోనని టెన్షన్ పడి కొత్త లార్వాల మీద వేశా, రెండు రోజుల్లో అవీ ఎర్రబడి చచ్చాయి. ఇక ఆ నీళ్లని మొక్కల దగ్గర, ఎండ తగ్గాక, తడి నేల మీద పోయడమే.