డైట్ కోలా మానేస్తే తలనొప్పి, ఎన్నాళ్లుంటుంది?

ప్రశ్న: నాది నైట్ షిఫ్ట్. రోజుకు నాలుగు డైట్ కోలా క్యాన్లు, పైన రెండు కాఫీలు. సోమవారం అన్నీ ఒక్కసారే మానేశాను. మర్నాటికి కణతలు పగిలిపోతున్నాయి. ఎప్పటికి తగ్గుతుందండీ?

జవాబు: నాకూ ఇంతే అయిందండి. కోలాలో, కాఫీలో ఉండే కెఫీన్ ఆపిన 12 నుంచి 24 గంటల్లో నొప్పి మొదలవుతుంది, వారం, తొమ్మిది రోజుల్లో పోతుంది. ఒక్కసారే ఆపకండి. నేను మూడు రోజులకో క్యాన్ తగ్గించుకుంటూ వచ్చాను. క్యాన్ తెరిచినప్పుడు వచ్చే ఆ ‘టిస్స్’ చప్పుడు, గొంతులో గ్యాస్ మంట, నాకు అసలు అలవాటు అవే. ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా ఆ లోటు తీర్చింది.

మరో జవాబు: పడుకోబోయే ముందు కాఫీ మొదట మానండి. ఒంట్లో సగం కెఫీన్ పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ ఒక్క క్యాన్ తాగాను, గంటలో నొప్పి దిగింది. రేపటి నుంచి మీరు చెప్పినట్టే. నిమ్మకాయలు తెచ్చి పెట్టుకున్నాను.