గోడ పక్క జాగాలో ఊదా ఫౌంటెన్ గడ్డి మేలా, మారేడు చెట్టు మేలా?

కొత్తపేట పెరడు:
నమస్కారమండి. మాది కోనసీమలో కొత్తపేట మండలం. వరిచేనును మెరక చేసి ఇల్లు కట్టిన స్థలం, అంటే పైన అడుగున్నర గ్రావెల్, కింద నల్ల రేగడి. పడమటి కాంపౌండు గోడ లోపల 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది. గోడ అవతల పంట బోదె (పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువ). దక్షిణం కొసకు 9 అడుగుల దూరంలో సెప్టిక్ ట్యాంకు. పదకొండు దాకా ఇంటి నీడ ఉంటుంది, తర్వాత నాలుగున్నర వరకు మంచి ఎండ. ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే గతి. ఆ నీళ్లు కొంచెం ఉప్పన, ఈసీ (నీళ్లలో ఉప్పును తెలిపే కొలత) 1.8 వచ్చింది.

అనుకుంటున్నవి రెండు: కడియపులంక నర్సరీల్లో అమ్మే ఊదా ఫౌంటెన్ గడ్డి, లేదా అంటు మారేడు. ఇంట్లో పూజకు మారేడు దళం కావాలంటున్నారు. గడ్డయితే చూడ్డానికి బాగుంటుంది, పని తక్కువ. ఈ జాగాలో ఏది నిలుస్తుంది? మట్టి ఏమైనా మార్చాలా?

రేగడి నేల:
గడ్డా చెట్టా అన్నది తర్వాత చూద్దామండి. రెండడుగుల లోతున ఊరుతున్న ఆ నీళ్ల సంగతి ముందు తేలాలి. ఏటా దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) వరిమడిలో, నాగలి దిగే లోతు కింద మట్టి అణిగి గట్టి పొర కడుతుంది. దాని మీద గ్రావెల్ పోసి తొక్కించారు. వాన నీళ్లు గ్రావెల్లోంచి చకచకా దిగి ఆ పొర దగ్గర ఆగిపోతాయి. పైన చూస్తే నేల ఆరినట్టే ఉంటుంది, వేళ్లు మాత్రం నీళ్లలో నానుతుంటాయి.

అడుగు చదరాన, రెండడుగుల లోతు గుంట తీయండి. నిండా నీళ్లు పోసి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి మర్నాటికీ నిలిచి ఉంటే ఆ జాగాలో ఏ మొక్కనీ నేల మట్టానికి నాటకండి. ఈ పరీక్ష మే నెలలో చేస్తే అన్నీ ఇంకిపోయి మోసపోతారు, వానాకాలంలోనే చేయాలి.

ఇంకో చిక్కు. కడియం వైపు మొక్కలు ఎక్కువగా ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే రేగడి గుంటలో దించితే గుంట గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతుంది. వేళ్లు బయటి బిగుతు మట్టిలోకి పోలేక ముద్ద చుట్టూనే తిరుగుతాయి. మొదటి ఏడు బాగానే కనిపిస్తుంది, రెండో వానాకాలానికి మొదలు కుళ్లుతుంది. చాలామంది అప్పుడు మందు కోసం చూస్తారు, దీనికి మందు లేదు.

అందుకని కట్ట పోయండి. గోడకు అడుగు వదిలేసి 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 ఘనపుటడుగులు. మట్టి అణుగుతుంది కాబట్టి 70 లెక్క వేసుకోండి: ఎర్రమట్టి 40, చివికిన పశువుల ఎరువు 15, మాగిన కొబ్బరి పొట్టు 15. పోసే ముందు కింది గ్రావెల్‌ను గడ్డపారతో పగలగొట్టి కదిలించాలి. రేగడి గుల్లబారాలని కొంచెం ఇసుక కలుపుతుంటారు కానీ దానివల్ల ఇంకా గట్టిపడుతుంది, ఆ పని వద్దు.

పచ్చి కొబ్బరి పొట్టు మన కోనసీమలో చవగ్గా దొరుకుతుంది గానీ అందులో ఉప్పు ఉంటుంది, పైగా చివికేటప్పుడు మట్టిలో నత్రజనిని లాగేసుకుంటుంది. మొక్క ఆకులు పాలిపోతాయి. మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి, మాగబెట్టాకే వాడండి. పశువుల ఎరువు కూడా సగం చివికింది తేకండి. కొబ్బరి చెట్లున్న ఊళ్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. కట్టను కదిపినప్పుడు బొటనవేలంత లావున, వంకర తిరిగి పడుకున్న తెల్లటి పురుగులు కనిపిస్తే ఏరి పారేయాలి.

ఐదడుగులకొకటి చొప్పున గోడలో 2 అంగుళాల పైపు పెట్టి బోదెలోకి నీళ్లు పోనివ్వచ్చు. కాకపోతే సార్వా (ఖరీఫ్ వరి) కాలంలో బోదె నిండుగా పారేటప్పటి మట్టం చూసుకుని దానికి పైన పెట్టండి. లేకపోతే అటు నీళ్లే ఇటు వస్తాయి.

అంటుకత్తి:
మారేడు మొండి చెట్టే. చౌడును, ఎండను తట్టుకుంటుంది. మీకు చాలనిది జాగా. తోటలో అయితే చెట్టుకీ చెట్టుకీ 8 మీటర్లు ఇస్తారు. 30 అడుగుల దాకా ఎదిగే చెట్టును 5 అడుగుల పట్టీలో, పక్కన సెప్టిక్ ట్యాంకుతో పెట్టడం సరికాదు. పైగా నీళ్లు పైపైన ఉన్నచోట వేరు లోతుకు పోదు, పక్కలకు పాకుతుంది. అలాంటి చెట్టు తుపానుకు వేళ్లతో సహా ఒరుగుతుంది. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలే నేలమట్టమయ్యాయి. పండిన మారేడు కాయ టెంకలాంటి పెంకుతో కిలో దాకా తూగుతుంది, అది నడిచే దారిలో రాలితే ఎలా ఉంటుందో చూసుకోండి.

అయితే మీకు కావాల్సింది దళం, కాయ కాదు. దానికి దారి ఉంది. నూతికి వాడే సిమెంటు ఒరలు, 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తువి, రెండు ఒకదానిమీద ఒకటి పెట్టండి, కింది వైపు మూయకుండా తెరిచే ఉంచండి. రెండూ నిండడానికి 14 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఉత్తరం కొసన, ట్యాంకుకు వీలైనంత దూరంలో పెట్టి అందులో అంటు నాటండి. అంటు కట్టిన చోటు మట్టికి అరచేయంత పైన ఉండాలి. మూడడుగుల దాకా ఒకే కాండం ఉంచి, ఆపైన నాలుగు కొమ్మలు, మొత్తం ఆరడుగులు దాటనివ్వకండి. ఏటా కత్తిరిస్తే కాయ రాదు, లేత దళం మాత్రం బాగా వస్తుంది. వేసవి మొదట్లో ఆకంతా రాలుతుంది, ఎండిపోయిందని కంగారుపడి నీళ్లు కుమ్మరించకండి.

ముళ్ల సంగతి: ఆకు మొదట్లో అంగుళం పైన పొడవుంటాయి. అంటు కింది నుంచి వచ్చే పిలకల ముళ్లు ఇంకా పొడవు. వాటిని లేతగా ఉన్నప్పుడే వేలితో తుంచేయాలి, ముదిరితే కత్తెర కావాలి. చెట్టు మొదలు దగ్గర పారతో తవ్వకండి, వేరుకు గాయమైన ప్రతి చోటా కొత్త పిలక లేస్తుంది. కత్తిరించిన రెమ్మల్ని దారి పక్కన వేయకండి, ఎండిన ముల్లు సైకిల్ టైరులో దిగుతుంది.

లేతాకు మీద పిట్ట రెట్టలాంటి పురుగులు కనిపిస్తాయి, పెరిగాక పచ్చబడతాయి. నిమ్మచెట్టును తినే సీతాకోకచిలుక పిల్లలే అవి. చిన్న చెట్టయితే రెండు మూడు రోజుల్లో బోడి చేస్తాయి. చేత్తో ఏరేయండి. పూజకు కోసే దళం మీద మందు కొట్టడం నాకు నచ్చదు.

బోదెగట్టు:
ఫౌంటెన్ గడ్డి ఎందుకండీ, వట్టివేరు పెట్టండి. నీళ్లు నిలిచినా చావదు, ఉప్పునీ ఓర్చుకుంటుంది, వేరు పక్కలకు పాకకుండా నిట్టనిలువునా మీటర్ల లోతు దిగుతుంది. బోదె గట్టు కోతా ఆగుతుంది. జానెడు పిలకలు, అరడుగుకొకటి నాటితే చాలు, మట్టి మార్చే ఖర్చే ఉండదు. ఊదా రంగు రాదు, అంతే తేడా. లంకల్లో కనిపించే రెల్లు మాత్రం దుబ్బు తవ్వి తేకండి. దసరా రోజుల్లో తెల్లటి వెన్నులతో అందంగానే ఉంటుంది, తర్వాత భూమిలోంచి దుంపవేళ్లతో గోడ అవతలికి కూడా పోతుంది.

కొత్తపేట పెరడు:
ఒరల ఆలోచన బాగుందండి, ఉత్తరం కొసన అలాగే పెడతాం. మిగతా పది అడుగుల్లో ఊదా గడ్డి పెట్టాలనే ఉంది ఇంకా. ఆ ఎండ సరిపోతుందా? దుబ్బుల్లో పాములు చేరతాయని పెద్దవాళ్ల అభ్యంతరం. గోడ మీంచి గేదెలు మూతి పెట్టే భయమూ ఉంది.

రేగడి నేల:
ఎండ అంచులో ఉంది. రోజుకు ఆరు గంటలు తగ్గితే ఊదా రంగు వెలిసి ఆకుపచ్చకు తిరుగుతుంది, వెన్నులూ పలచబడతాయి. మీకు ఐదున్నర వస్తోంది కాబట్టి నర్సరీలో చూసినంత ముదురు రంగు ఆశించకండి. గోడ నీడ పడకుండా కట్టలో ఇంటి వైపు అంచుకు జరిపి నాటండి. మూడడుగులకొకటి, పది అడుగులకు మూడు దుబ్బులు చాలు. దగ్గరగా కుక్కితే మధ్యలో గాలి ఆడక వానల్లో ఆకుమచ్చ వస్తుంది.

కొనేటప్పుడు ఒకటి అడగండి: పిలకతో పెంచారా, విత్తనంతోనా? అసలు ఊదా రకం దాదాపు విత్తనం కట్టని గడ్డి, దాన్ని దుబ్బు చీల్చే పెంచుతారు. విత్తనం మొలిచిందన్నారంటే అది పచ్చ రకం. గాలికి విత్తనం ఎగిరి పొలం గట్లకు చేరుతుంది. హవాయి దీవుల్లో ఆ పచ్చ రకం బీళ్లకు పాకి, ఎండాకాలం మంటలకు మేతైంది.

పాముల మాట కొట్టిపారేయకండి. పొలం పక్క ఇల్లు, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. గోడకు వదిలిన అడుగు సందును శుభ్రంగా ఉంచాలి, ఎండిన ఆకు దుబ్బు అడుగున పేరుకోనివ్వకూడదు, గుమ్మం పక్కన, కుళాయి పక్కన పెట్టకూడదు. గేదె విషయానికొస్తే, వట్టివేరు లేతాకునూ వదలదు, ఊదా గడ్డినీ వదలదు. గోడ మీద రెండడుగుల తీగె కట్టండి.

సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో దుబ్బు నడుముకు తాడు బిగించి కొడవలితో ఆరంగుళాల మోడు ఉంచి కోసేయండి. రెండు మూడేళ్లకు నడిమధ్య ఎండి బోలుగా అవుతుంది, అప్పుడు తవ్వి నాలుగు ముక్కలు చేసి అంచు పిలకల్ని తిరిగి నాటాలి. యూరియా చల్లితే ఆకు ఏపుగా పెరిగి మొదటి గాలివానకే పడుకుంటుంది. ఏడాదికి దుబ్బుకు రెండు దోసిళ్ల పశువుల ఎరువు మించి వద్దు. మీ బోరు నీళ్లకు రోజూ కొంచెం కొంచెం పోయకండి, ఉప్పు పైకి చేరి ఆకు కొసలు మాడతాయి. నాలుగు రోజులకోసారి మొదలు తడిసి కిందికి దిగేలా పోసి, పైన కొబ్బరాకు ముక్కలు కప్పండి, మొదలుకు ఆనకుండా.

అంటుకత్తి:
నాటే అదను కూడా చెప్పేస్తే పోతుంది. కట్టను, ఒరలను వేసవిలోనే నింపండి, తొలకరికి మట్టి అణుగుతుంది. మారేడు జూన్ ఆఖరున నాటి వెదురు బద్ద కట్టండి. గడ్డికి మాత్రం తుపానుల కాలం దాటనివ్వండి, నవంబరు చివర గానీ డిసెంబరులో గానీ పెడితే వేసవి నాటికి వేరు పట్టేస్తుంది. వర్షాల్లో తెచ్చి పెట్టాల్సొస్తే, తెచ్చిన రోజే నాటకుండా వారం రోజులు నాటబోయే చోటి ఎండలోనే కవరుతో ఉంచండి. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన ఆకు మీ మధ్యాహ్నపు ఎండకు వాడిపోతుంది.